మాంజా తీగ, చిన్నాయన సైకిలు

ఉత్తరాయణం పండగ వస్తే సూరత్‌లో ఫ్లైఓవర్ల మీదికి టూవీలర్లను పోనివ్వరు. గాలిపటాల మాంజా గొంతులు కోస్తుందని భయం. చాలామంది హ్యాండిల్‌కి ఇనప తీగను విల్లులా వంచి బిగించుకుంటారు. కారులో తిరిగేవాడికి ఇదేదీ పట్టదు, అద్దాలెత్తుకుంటే సరి. నేను కారువాణ్ణే.

మా చిన్నాయనది సైకిలు. సాంచెల (మరమగ్గాల) పని కోసం వరంగల్ వైపు నుంచి వచ్చి లింబాయత్‌లో పాతుకుపోయిన పద్మశాలి ఇళ్లలో మాదొకటి. ఇంటి నుంచి కార్ఖానాకి ఆరు కిలోమీటర్లు, పన్నెండు గంటల షిఫ్టు. ఏడాదికి 300 రోజులు అంత దూరం వెళ్లిరావడానికి, లీటరుకు 15 ఇచ్చే కారైతే 240 లీటర్ల పెట్రోలు తాగుతుంది. లీటరు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ కాబట్టి ఐదున్నర క్వింటాళ్లు. చిన్నాయన లెక్కలో అది సున్నా. కానీ సిగ్నల్ దగ్గర పొగ మింగేది మాత్రం ఆయనే.

సైకిలు ప్రమాదమా, కారు ప్రమాదమా అంటే, ఎవరికి అని అడగాలి. మనిషితో కలిపి 80 కిలోల సైకిలు 15 కిలోమీటర్ల వేగంతో పోతోంది. వెయ్యి కిలోల కారు 45తో వస్తోంది. గుద్దుకుంటే కారు మోసుకొచ్చే శక్తి వంద రెట్లకు పైనే. కారు భద్రమైనదే, లోపల కూర్చున్నవాడికి.

నెదర్లాండ్స్ పరిస్థితుల మీద 2010లో ఒక లెక్క వేశారు. కారు మాని సైకిలెక్కితే వ్యాయామం వల్ల ఆయుష్షు 3 నుంచి 14 నెలలు పెరుగుతుందట. ప్రమాదాల వల్ల 5 నుంచి 9 రోజులు, పొగ వల్ల మహా అయితే 40 రోజులు తగ్గుతుందట. చదివి సంబరపడి చిన్నాయనకి చెప్పాను.

"పొద్దంత సాంచెల నడుమ తిరిగేటోనికి మళ్ల కసరత్తెందుకురా?" అన్నాడు.

నిజమే. ఆ నెలలన్నీ కుర్చీలో కూర్చునే నాలాంటివాడి జమలో పడతాయి. పైగా నెదర్లాండ్స్‌లో సైకిళ్లకు వేరే దారులున్నాయి. హైదరాబాద్‌లోనూ 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ కట్టారు. చక్కగానే ఉంది. అయితే షిఫ్టు దిగిన మనిషికి కావలసింది ఇంటిదాకా దారి.

పోయిన ఉత్తరాయణానికి ముందు ఆయన సైకిలుకి నేనే తీగ బిగించాను, కారు డిక్కీలోంచి పానా తీసి. ఆయన చుట్టూ తిరిగి చూశాడు.

"ముంగట మంచిగనే ఉంది. ఎన్కనుంచి ఒచ్చేటోనికేం గట్టినవ్?"

వెనక మడ్‌గార్డు మీద ఎర్ర రిఫ్లెక్టరు పగిలి సగమే మిగిలింది. అదొకటి తెస్తానన్నాను.