ఇసుకను వినేవాళ్లు

ఇంగ్లండు తీరాల్లో పాటు వేళ మెటల్ డిటెక్టరు పట్టుకు తిరిగేవాళ్ల చెవులంటే నాకు భలే గౌరవం. కాయిల్‌ను ఇసుకకు అంగుళం పైన, ఒరగనివ్వకుండా, మెల్లగా అటూ ఇటూ ఊపుతారు. ఒక ఊపు ముందటి ఊపు మీదికి సగం ఎక్కాలి. పాత వెండి నాణెమైతే సన్నగా, నిలకడగా మోగుతుంది. తుప్పు మేకు గరగరమంటుంది. కూల్‌డ్రింకు డబ్బా రింగు మాత్రం ఎంతటివాళ్ల చేతనైనా తవ్విస్తుంది! తవ్వింది చిల్లుల గరిటెలో ఊపితే ఇసుక జారి నాణెం మిగులుతుంది. పొడి ఇసుకలో ఒకే ఫ్రీక్వెన్సీ మిషను చాలు. ఉప్పునీళ్లకు తడిసిన ఇసుక కరెంటును పారనిస్తుంది కాబట్టి అక్కడది ఊరికే అరుస్తుంది. పల్స్ ఇండక్షన్ రకం ఉప్పును లెక్కచేయక లోతుకు పోతుంది గానీ, ఇనుమేదో వెండేదో సరిగ్గా చెప్పలేదు. తడి ఇసుకలో నాణేలకైతే ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలు వాడే మిషనే కొనండి.