చేవ్రాత కీర్తనలును ఉచిత స్వరలేఖన సాధనములును

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు సంఘములలో పాటలు కట్టువారికి కొదువ లేదు. నోటుపుస్తకములో మాటలు వ్రాసి, పైన రాగము పేరో, "ఫలాని పాట వరుస" అనియో వ్రాసి ఊరకుందురు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము మనకు నేర్పిన పద్ధతియు ఇదియే: పాట తలమీద రాగము, తాళము, క్రింద మాటలు. పురుషోత్తము చౌదరిగారి (1803–1890) కీర్తనలు నేటికిని పాడబడుచున్నవనగా, వాటి వరుసలను కాపాడినది కాగితము కాదు, పాడు నోళ్లే.

అయితే ఆ నోళ్లు ఊరిలో నుండవలెను గదా! పొలము పనులు ముగియగానే మన పల్లెలనుండి కుటుంబములకు కుటుంబములే గుంటూరు వైపు మిరపకాయల కోతకును, బెంగుళూరికి కట్టడపు పనులకును తరలిపోవుచున్నవి. వరుస తెలిసినవాడు వలసపోయిన ఊరిలో పుస్తకము తెరచినవారికి మాటలు దొరకును, పాట దొరకదు. ఫోనులో రికార్డు చేసితిమి, చాలదా అని కొందరందురు. రికార్డు మంచిదే. కాని అది ఆ దినమున ఆ గొంతు పాడినదానిని వినిపించును. ఏ అక్షరమునకు ఏ స్వరము, ఎన్ని లెక్కలు అని నేర్చుకొనువానికి విడదీసి చూపదు.

అందుచేత మన యువకులు కంప్యూటరులో స్వరములు వ్రాయు ఉచిత సాధనములను గూర్చి అడుగుచున్నారు. ఉచితము అనునది రెండు విధములు. డొరికో ఎస్.ఇ., సిబెలియస్ ఫస్ట్ అనునవి యజమానులు గీచిన గీత లోపలనే ఉచితము. యజమాని మనసు మారినచో ఏమగును? ఫినాలే అను సాధనమును సంగీతజ్ఞులు వెలపెట్టి కొని 35 ఏండ్లు వాడిరి; 2024 ఆగస్టులో దాని సంస్థ ఇక దానిని కొనసాగింపమని చెప్పివేసెను. పాటలన్నియు అందులోనే దాచుకొన్నవారు మూట కట్టుకొని వేరొక యిల్లు వెదకుకొనవలసి వచ్చెను.

మ్యూస్‌స్కోరు అట్టిది కాదు. దాని లోపలి వ్రాత అందరికిని తెరచియున్నది. ఎవరైనను తీసికొని వాడవచ్చును. స్వరముల క్రింద తెలుగు అక్షరములను చక్కగా నిలుపును. ఆదోనివంటి చోట ఇంకొక మేలు గలదు: మొదటి వరుసలో తెలుగు, రెండవ వరుసలో కన్నడము వ్రాసి ఒకే కాగితముమీద ఇరువురును పాడవచ్చును. స్త్రీల శ్రుతికి పాట ఎత్తవలెనన్న నిమిషము పట్టదు. ఒక హెచ్చరిక మాత్రము: దాని పేరుతోనే పాటల కాగితములకు చందా పుచ్చుకొను చోటు ఇంటర్నెట్టులో నున్నది. అది వేరు, ఈ సాధనము వేరు. వ్రాయుటకు కంప్యూటరే కావలెను. ఫోనులోని దానితో పని జరుగదు.

1996లో మొదలైన లిలీపాండ్ కూడ నిజముగా ఉచితమే. దాని అచ్చు మిక్కిలి అందమైనది. అయితే స్వరములను గీతలమీద పెట్టుటకు బదులు ఆంగ్లాక్షరములలో టైపు చేయవలెను. ఓపికగల ఒక్కరు నేర్తురేమో; సంఘమంతయు నేర్వదు.

ఇక అసలు చిక్కునకు వత్తము. ఈ సాధనములన్నియు పడమటి సంగీతము కొరకు పుట్టినవి. మ్యూస్‌స్కోరులో క్రొత్త కాగితము తెరవగానే నాలుగు లెక్కల తాళము తానే పెట్టియిచ్చును. మన పాట ఏడు లెక్కల మిశ్రచాపు అయితే, మొదటనే ఆ అంకెను మార్చవలెను. లేనియెడల ఒక లెక్క అతికించి ఎనిమిది చేసి కూర్చుందురు. కీబోర్డులోని తయారు దరువులు ఇప్పటికే మన గుడులలో ఆ పని చేయుచున్నవి! కాగితము కూడ దానికి సాక్ష్యము పలికినచో, రాబోవు పిల్లలు అదే అసలు తాళమనుకొందురు. రాగము సంగతియు అట్టిదే. మాయామాళవగౌళ స్వరస్థానములను గీతలమీద పెట్టవచ్చును. తోడిలో ఊగెడి గాంధారమును ఎట్లు పెట్టెదరు? సాధనము దానిని కొయ్యబొమ్మవలె నిలువబెట్టి వినిపించును.

ఈ చిక్కు క్రొత్తది కాదు. మద్రాసులో చిన్నస్వామి మొదలియారుగారు అను క్రైస్తవుడు 1890ల ఆరంభములోనే కర్ణాటక కృతులను పడమటి లిపిలో అచ్చువేసెను. సుబ్బరామ దీక్షితులుగారు 1904లో తెలుగు లిపిలోనే సరిగమలు వ్రాసి, గమకములకు ప్రత్యేకమైన గుర్తులు కల్పించిరి. ఆ రెండింటిని మనము ఒకచోట చేర్చవచ్చును: గీతల క్రింద మొదటి వరుసలో తెలుగు సరిగమలు, రెండవదానిలో మాటలు, కన్నడము కావలసినచోట మూడవది. గమకమున్నచోట ఒక గుర్తు పెట్టి, రికార్డు విని నేర్చుకొనుడని వ్రాయవలెను.

చేవ్రాతను ఫొటో తీసినయెడల కంప్యూటరే చదువుకొనునని ఆశపడవద్దు. ఆడివెరిస్ వంటి ఉచిత సాధనములు అచ్చు కాగితములకు ఏర్పడినవి; మన నోటుపుస్తకములోని తెలుగు సరిగమలు వాటికి అర్థము కావు. పాట తెలిసినవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఒక్కొక్క చరణము పాడించుకొని ఎక్కించుటయే దారి. నా మట్టుకు ఇది నష్టమని తోచదు.

కాబట్టి మన సంఘములకు నేను మ్యూస్‌స్కోరునే సూచింతును. ప్రతి పాటను మ్యూజిక్ ఎక్స్.ఎం.ఎల్. రూపములోను మరియొక ప్రతి దాచవలెను. అది 2004 నుండి వేర్వేరు సాధనములు చదువగల రూపము. పాట కట్టినవారి పేరు, ఊరు, సంవత్సరము తలమీద నుండవలెను. పాత నోటుపుస్తకమును పారవేయరాదు. అచ్చుతీసిన ప్రతులలో ఒకటి గుడి బీరువాలో నుంచి, ఒకటి గుంటూరు వెళ్లువారి చేతికిచ్చి పంపవలెను.