జంతుశాలలో శిష్యరికం

జంతుప్రదర్శనశాలకు పోయి వచ్చినవారు పులిని గురించి చెబుతారు, ఏనుగును గురించి చెబుతారు. ఆ పులికి వేళ తప్పకుండా మాంసం వేసి, ఆ ఏనుగు కొట్టంలో పేడ ఎత్తే మనిషిని గురించి చెప్పేవారు అరుదు. అతడు చేసేది కూలిపని అని లోకంలో ఒక అభిప్రాయం ఉన్నది. అది కూలిపనియా, శాస్త్రమా అన్న ప్రశ్నకు సమాధానం వెదుక్కొనేవారికి పనికివచ్చే గ్రంథం ఒకటి ఉన్నది. జెరాల్డ్ డరెల్ వ్రాసి 1973లో ప్రకటించిన 'బీస్ట్స్ ఇన్ మై బెల్‌ఫ్రీ' అనేది ఆ గ్రంథం. మతి స్థిమితం లేనివానిని ఇంగ్లీషువారు 'గంటగోపురంలో గబ్బిలాలున్నవాడు' అంటారు. గబ్బిలాలను తీసివేసి, వాటిచోట సకల మృగాలనూ పెట్టి రచయిత తన్ను తానే పరిహసించుకొన్నాడు. జంతువుల పిచ్చి అతనికి పసితనం నుంచీ ఉన్నదే.

డరెల్ 1925లో మన దేశంలోనే, జంషెడ్‌పూరులో జన్మించాడు. బాల్యంలో కొన్ని సంవత్సరాలు గ్రీకు ద్వీపమైన కోర్ఫూలో గడిపాడు. 1945లో, ఇరవై సంవత్సరాల వయస్సులో, ఇంగ్లండులోని విప్‌స్నేడ్ జంతుశాలలో విద్యార్థి కీపరుగా చేరాడు. ఆ అనుభవాలే ఈ గ్రంథ వస్తువు. విప్‌స్నేడ్ సామాన్యమైన జంతుశాల కాదు. లండన్ జంతుశాస్త్ర సంఘంవారు నగరానికి దూరంగా, బెడ్‌ఫర్డ్‌షైరు కొండలమీద సుమారు 600 ఎకరాల నేలలో 1931లో దానిని తెరిచారు. ఇరుకు బోనులకు బదులు విశాలమైన ఆవరణలలో జంతువులను ఉంచవలెననేది వారి ఆశయం. అంతటి చోట పని నేర్చుకొనే అవకాశం లభించినందుకు ఆ యువకుడు పొంగిపోయాడు.

'విద్యార్థి' అనే పేరు గొప్పదే గాని, అక్కడ పాఠశాల లేదు, పాఠాలు లేవు. ఎక్కడ మనిషి తక్కువైతే అక్కడికి పంపే కుర్రవాడు అతడు. ఒకనాడు సింహాలవద్ద, మరొకనాడు ఎలుగుబంట్లవద్ద, ఇంకొకనాడు జిరాఫీవద్ద. చేతిలో చీపురు, పార, బొక్కెన. ఈ చాకిరీని చెప్పే పుటలు గ్రంథంలో మిక్కిలి రుచికరమైనవి. ఆల్బర్ట్ అనే సింహం ఎంత గడుసుదో, బాబ్స్, శామ్ అనే ధ్రువపు ఎలుగుబంట్ల దాంపత్యం ఎటువంటిదో చదువుతూ ఉంటే నవ్వు ఆగదు. కాని ఆ నవ్వు వెనుక ఒక పాఠం ఉన్నది. ప్రతి జంతువుకూ తనదైన స్వభావం ఉంటుంది. 'సింహం' అనే జాతిని గురించి పుస్తకాలలో చదవవచ్చును. ఈ సింహం ఏమి చేయబోతున్నదో మాత్రం ప్రతిదినం దానిని చూచేవానికే తెలుస్తుంది.

ఇక్కడ స్విట్జర్లాండు జంతుశాస్త్రజ్ఞుడు హైని హెడిగర్ సిద్ధాంతాన్ని జ్ఞాపకం చేసుకోవడం అవసరం. బంధనంలో ఉన్న వన్యమృగాలను గురించి ఆయన 1942లో జర్మన్ భాషలో ఒక గ్రంథం ప్రకటించాడు. వన్యమృగం మనిషిని కొంత దూరందాకా రానిస్తుంది. ఆ హద్దు దాటగానే పారిపోతుంది. దీనిని పలాయన దూరం అనవచ్చును. పారిపోయే దారి లేక, మనిషి ఇంకా సమీపిస్తే మరొక హద్దు వస్తుంది. దానిని దాటినవానిపై మృగం తిరగబడుతుంది. ఈ దూరాలు జాతిజాతికీ వేరు. మచ్చిక అయినకొలదీ పలాయన దూరం తగ్గుతూ వస్తుంది. హెడిగర్ సూత్రీకరించిన ఈ విషయం పాత కీపర్లకు పేరు తెలియకపోయినా ఒంటికి తెలుసు. ఎంత దూరంలో నిలబడాలో, ఏ వైపునుండి పోవాలో, ఎప్పుడు వెనుకకు తగ్గాలో వారి కాళ్ళు ఎరుగుదును. శిష్యరికం అంటే ఈ ఎరుకను సంపాదించడమే.

అయితే డరెల్‌కు ఒక నిరాశ కూడా కలిగింది. విప్‌స్నేడ్ కీపర్లలో చాలామంది చుట్టుపట్ల పల్లెలవారు. పనిలో నిపుణులే, కాని జంతువు అడవిలో ఎట్లా జీవిస్తుందని అడిగితే చెప్పగలవారు తక్కువ. వారు కన్నదానిని వ్రాసిపెట్టే ఏర్పాటు లేదు, వ్రాయమని అడిగినవారూ లేరు. కనుక అతడే నోటు పుస్తకాలు నింపుకొన్నాడు, రాత్రులు గ్రంథాలు చదివాడు. చదివినకొద్దీ, మానవుని చేత భూమిమీదనుండి తుడిచిపెట్టుకుపోతున్న జాతుల జాబితా పెరుగుతూ వచ్చింది. అప్పటికి అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘమే ఏర్పడలేదు. అది 1948లో పుట్టినది. జంతుశాల వినోదశాలగా మిగలరాదు, నశించిపోతున్న జాతులకు ఆశ్రయం కావాలి అనే భావం అతనిలో ఇట్లా నాటుకొన్నది.

ఈ భావానికి ప్రాణం పోసిన ఘట్టం డేవిడ్ జింకల కథ. గ్రంథంలో అన్నిటికంటె విలువైన భాగం ఇదే. అర్మాన్ డేవిడ్ అనే ఫ్రెంచి మతాచార్యుడు 1865లో పెకింగు నగరానికి దక్షిణాన ఉన్న చక్రవర్తి వేటవనపు గోడమీదుగా తొంగిచూచి ఈ జింకలను కనుగొన్నాడు. చీనావారు దీనిని 'నాలుగింటిలో ఏదీ కానిది' అనేవారు. కొమ్ములు జింకవి, గిట్టలు ఆవువి, మెడ ఒంటెది, తోక గాడిదది. అయినా అది ఆ నాలుగింటిలో ఏదీ కాదు. అడవిలో అది అప్పటికే లేదు, ఆ వనంలోనే మిగిలి ఉన్నది. 1895లో వరద వచ్చి గోడ కూలింది. బయటపడిన జింకలను ఆకలిగొన్న ప్రజలు తినివేశారు. 1900 నాటి బాక్సర్ల తిరుగుబాటులో మిగిలినవీ పోయినవి. ఐరోపాలోని జంతుశాలలలో చెదిరి ఉన్న 18 జింకలను ఇంగ్లండులో బెడ్‌ఫర్డ్ ప్రభువు తన ఓబర్న్ ఉద్యానవనంలో చేర్చాడు. వాటి సంతానమే నేడు లోకంలో ఉన్న ఈ జాతి అంతా.

ఒక జాతి మొత్తం ఒకే చోట ఉండడం ఎంత అపాయమో యుద్ధకాలంలో తెలిసివచ్చింది. ఒక అంటురోగం వచ్చినా చాలు, అంతా పోతుంది. కనుక మందను విభజింపదలచి, కొన్ని కూనలను సీసాపాలతో పెంచడానికి విప్‌స్నేడుకు పంపారు. వాటికి అర్ధరాత్రులు లేచి పాలు పట్టినవారిలో డరెల్ ఒకడు. చీకటిలో, చలిలో, పాలసీసాను కుమ్ముతున్న ఆ కూనను పట్టుకొన్న యువకుని చేతిలో ఒక జాతి భవిష్యత్తు ఉన్నది! ఆ పని కూలిపని అనగలమా? 1985లో ఓబర్న్ జింకలు బీజింగు దగ్గరి ఆ పాతవనానికే తిరిగి చేరాయి. 1986లో బ్రిటన్ జంతుశాలల నుండి మరి 39 జింకలను చీనా తూర్పు తీరంలోని దాఫెంగుకు పంపారు. నలభై ఏళ్ళనాటి పాలసీసా వృథా కాలేదు.

గుణాలు చెప్పిన తరువాత లోపాలు కూడా చెప్పవలెను. అనుభవానికీ రచనకూ మధ్య ఇరవై ఏడేళ్ళు గడిచాయి. సంభాషణలు ఆనాడు విన్నవి విన్నట్లే ఉన్నవని నమ్మడం కష్టం. హాస్యం కొరకు ఆయన వాటిని సాగదీశాడనిపిస్తుంది. కీపర్ల యాసను, వారి వింత అలవాట్లను పెద్దవి చేసి చూపడంలో అభిమానం ఉన్నది గాని, న్యాయం కొంత తగ్గింది. గడ్డి మోయడం, గుంటల అంచున నడవడం, మృగం కదలికను కనిపెట్టడం ఆయనకు నేర్పినది ఆ మనుష్యులే. వారికి జంతుశాస్త్రం తెలియదని నొచ్చుకొన్న రచయిత, అది వారికి ఎవరు నేర్పవలసి ఉండెనో మరింత గట్టిగా అడగవలసింది. వ్రాతలు లేవని ఇతరులను తప్పుపట్టినవాడు, ఏ జంతువు ఎంత తిన్నది, ఎంత పెరిగింది అనే లెక్కలను తన పాఠకునికి అరుదుగానే ఇచ్చాడు.

మరొక సంగతి. శిష్యరికం ముగిసిన కొలదికాలానికి అతనికి పిత్రార్జితంగా 3,000 పౌండ్లు చేతికి వచ్చాయి. వాటితో 1947లో ఆఫ్రికాలోని కామెరూన్లకు పోయి, అడవి జంతువులను పట్టి తెచ్చి జంతుశాలలకు ఇచ్చాడు. తోటి కీపర్లకు ఆ సొమ్మూ లేదు, ఆ దారీ లేదు. జాతులు నశిస్తున్నవని దుఃఖించినవాడు వెంటనే అడవినుండి మృగాలను తేవడంలో ఉన్న వైరుధ్యాన్ని చదువరి గమనించక తప్పదు. అయితే ఆ తరువాత 1959లో జెర్సీ ద్వీపంలో సొంత జంతుశాల తెరిచి, 1963లో దానిని సంరక్షణ సంస్థకు అప్పగించాడు. అంతరించిన డోడో పక్షి దాని గుర్తు. 1970 దశకం చివరినుండి అక్కడ అనేక దేశాల విద్యార్థులకు జంతువుల పెంపకంలో క్రమమైన శిక్షణ ఇస్తున్నారు. విప్‌స్నేడులో తనకు దొరకని పాఠశాలను ఆయన ఇతరులకు కట్టి ఇచ్చాడన్నమాట. గ్రంథంపై మనం చేయగల ఆక్షేపణలకు ఆయన జీవితమే చాలవరకు సమాధానం.

ఈ కథ మనకు దూరమైనది కాదు. అస్సాంలోని మరుగుజ్జు అడవిపందిని కాపాడే కృషిలో జెర్సీ సంస్థ 1995 నుండి పాలుపంచుకొన్నది. హైదరాబాదులో నెహ్రూ జంతుప్రదర్శనశాల 1963లోనే ప్రారంభమైనది. అక్కడ సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞుల సహకారంతో 2010లో మూషిక జింకల పెంపకం మొదలై, 2017 నుండి వాటిని అమ్రాబాదు అడవులలో వదలిపెడుతున్నారు. కుందేలంతటి ఆ పిరికి జంతువు ఎప్పుడు బెదురుతుందో, ఎప్పుడు మేత మానుతుందో మొదట కనిపెట్టగలిగేది దగ్గర ఉండి చూచే మనిషే. ఆ మనిషి చూచినది కాగితం మీదికి ఎక్కితే శాస్త్రం. ఎక్కకపోతే అతనితోనే పోతుంది. డరెల్ గ్రంథంలోని నవ్వులన్నీ మరచిపోయినా, ఈ ఒక్కమాట జ్ఞాపకముంచుకొన్న పాఠకుడు తరువాతి సారి జంతుశాలకు పోయినప్పుడు పులితోపాటు కీపరును కూడా చూస్తాడు. వీలైతే ఆగి, ఒక ప్రశ్న కూడా అడుగుతాడు.