ఇల్లాలి తలలో లెక్క, గోడ మీద క్యాలెండర్

ఇల్లు సర్దుకోవడమంటే సామాన్లను ఎక్కడివక్కడ పెట్టుకోవడమేనన్న అభిప్రాయం బలంగా ఉన్నా, 2016 అక్టోబరు 11న ప్రధానంగా పాత వరంగల్ జిల్లా నుంచి ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లోని సంసారాలను చూస్తే, అక్కడ నేడు సర్దుకోవలసినవి సామాన్లకంటే వేళలేనని తెలుస్తుంది.

తడికతో అల్లి పేడమట్టితో అలికిన గుమ్మిలో, అంటే ధాన్యం దాచే పెద్ద గాదెలో, ఏడాది గ్రాసం నిలవచేసుకున్న రోజుల్లో ఇంటి నేర్పంతా గింజకు పురుగు పట్టకుండా చూసుకోవడంలో ఉండేది. వడ్లలో వేపాకు వేయడం, కందులకు ఎర్రమట్టి పట్టించడం, చింతపండును ఉప్పు కలిపి కుండకెత్తడం అత్త చేతి నుంచి కోడలి చేతికి వచ్చిన విద్యలు, నిజానికి శాస్త్రమని పిలవదగినవి.

ఇప్పుడు ఆ నేర్పు వేళలను సర్దడంలో కావాలి. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గుగనుల కార్మికులు పగలు, మధ్యాహ్నం, రాత్రి అని మూడు షిఫ్టుల్లో పనిచేస్తారు గనుక, షిఫ్టు మారినప్పుడల్లా టిఫిన్ బాక్సు కట్టే వేళ, రాత్రంతా పనిచేసి వచ్చిన మనిషి పగటిపూట నిద్రపోయే వేళ, ఆ నిద్ర చెడకుండా పిల్లలు చదువుకునే చోటు, అన్నీ ఒక్కసారిగా మారిపోతాయి. మహబూబాబాద్ పల్లెల్లో మిర్చి ఏరే రోజుల్లో తెల్లవారకముందే వంట ముగించి చేనుకు పోవాలి. జనగామలో హైదరాబాద్ కొలువులకు వెళ్లేవారి ఇళ్లు రైలు వేళను బట్టి నడుస్తాయి.

ఈ మార్పులన్నింటినీ తలలో మోసేది సాధారణంగా ఒక్క ఇల్లాలే కావడం అసలు లోపం. 2019 జాతీయ కాలవినియోగ సర్వే, అంటే మనుషులు రోజును ఏ పనులకు ఎంత వెచ్చిస్తున్నారో కొలిచిన లెక్క ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు ఇస్తుండగా, ఆ పని చేసే పురుషులు ఇచ్చింది 97 నిమిషాలే. పైగా ఏది ఎప్పుడు అయిపోతుందో గుర్తుపెట్టుకునే శ్రమను ఏ గడియారమూ సరిగా కొలవలేదు.

ఆ లెక్కను తలలోంచి గోడ మీదికి దించవచ్చు: గ్యాస్ బండ మార్చిన తేదీకి సున్నా చుట్టి, పాలు రాని రోజుకు అడ్డగీత గీసి, రాత్రి షిఫ్టు వారాన్ని ఎర్ర సిరాతో గుర్తుపెట్టిన గోడ క్యాలెండర్ ఇంట్లో అందరూ చదవగల చిట్టా అవుతుంది. పొదుపు సంఘాల్లో తీర్మానాలు పుస్తకంలో రాసుకునే అలవాటున్న మహిళలకు ఈ పద్ధతి కొత్తది కాదు, దాన్ని చదివి పనందుకోవడమే మగవారికి కొత్త. కనుక వచ్చే నెల కాగితం తిప్పే రోజున ఇంటిల్లిపాదీ కూర్చుని, ప్రతి పనికీ ఎదురుగా అది చేయవలసిన వారి పేరు రాసుకోవాలి.