పేరు మారిన ట్యూబు

ఉస్మాన్‌గంజ్, బేగంబజార్ టోకు దుకాణాల లెక్క చూస్తే అడవికీ నగరానికీ మధ్య నడిచే బేరం ఏమిటో తెలుస్తుంది. అడవి నుంచి వచ్చేవి బస్తాలు: కుంకుడుకాయ, శీకాయ, తేనె, జిగురు. అడవికి పోయేవి అట్టపెట్టెలు: సబ్బులు, షాంపూ సాచెట్లు, బ్లేళ్ళు, ముఖానికి రాసే క్రీములు. తల రుద్దుకునే కాయను మన దగ్గర కిలోల లెక్కన కొని, తల రుద్దుకునే షాంపూను మనకు మిల్లీలీటర్ల లెక్కన అమ్ముతారు. 1980ల్లో తమిళనాడు కడలూరు నుంచి చిక్ లాంటి షాంపూలు సాచెట్లలోకి వచ్చాక, ఏ వస్తువైనా చిల్లర డబ్బులతో మారుమూల సంతకు చేరే దారి దొరికింది. ఆ దారిలోనే మగవాళ్ళను తెల్లగా చేస్తామనే క్రీము కూడా వచ్చింది. ఆ క్రీము చరిత్రను, ప్రకటనలను ఆదివాసీ కళ్ళతో చదవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

హిందుస్థాన్ లీవర్ 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ తెచ్చింది. ముప్పై ఏళ్ళపాటు తెల్లబడాల్సిన భారం ఆడపిల్లదే. పెళ్ళిచూపుల్లో నెగ్గాలన్నా, ఉద్యోగం రావాలన్నా ముఖం రంగు మారాలని ఆ ప్రకటనలు చెప్పాయి. 2005లో కలకత్తా కంపెనీ ఇమామీ, మగవాళ్ళ కోసమని ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్ తెచ్చింది. మొదటి ప్రకటనల్లో ఒక కుర్రాడు ఆడవాళ్ళ క్రీమును దొంగచాటుగా రాసుకుని దొరికిపోతాడు. అతను సిగ్గుపడాల్సింది దేనికి? తన రంగును చూసి తానే చిన్నబుచ్చుకున్నందుకు కాదు, ఆడవాళ్ళ క్రీము వాడినందుకు. మగవాడి చర్మం మందం, దానికి వేరే క్రీము కావాలి అన్నదే ఆ ప్రకటన వాదం. నలుపు ఒక లోపమన్న మాటను ఎక్కడా వాదించలేదు. అది అందరికీ తెలిసిందే అన్నట్టు పక్కన పెట్టి, మిగతాది మాట్లాడింది. ప్రకటనలో అసలు ప్రమాదం చెప్పిన మాటలో ఉండదు, చెప్పనక్కర్లేదనుకున్న మాటలో ఉంటుంది.

తర్వాత షారుఖ్ ఖాన్ వచ్చాడు. వేదిక మీద నుంచి అభిమాని వైపు ట్యూబు విసిరే ఆయన ప్రకటన మీద 2013లో 'డార్క్ ఈజ్ బ్యూటిఫుల్' ఉద్యమం సంతకాలు సేకరించింది. సినిమా వారసత్వం లేకుండా ఢిల్లీ నుంచి బొంబాయి పోయి కష్టపడి ఎదిగిన నటుడాయన. ఆ కష్టాన్నంతా ఒక ట్యూబులో పెట్టి విసిరేస్తే, చూసే పేద కుర్రాడికి ఏం అర్థమవుతుంది? నువ్వు వెనకబడింది చదువు, భూమి, కొలువు లేక కాదు, ముఖం వల్ల అని. పోడు పట్టా కోసం తండ్రి ఏళ్ళకేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగే ఇంట్లో ఈ మాట ఎంత అన్యాయమో వేరే చెప్పాలా?

2014లో ప్రకటనల ప్రమాణాల మండలి కొన్ని నియమాలు పెట్టింది. నల్లని వాళ్ళను దిగులు ముఖంతో, ఓడిపోయిన వాళ్ళుగా చూపరాదంది. ప్రకటనల భాష కొంచెం మెత్తబడింది. 2020లో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత నల్లజాతి ప్రజల ఆందోళన ప్రపంచమంతా పాకింది. ఆ వేడికి హిందుస్థాన్ యూనిలీవర్ తన క్రీము పేరులోంచి 'ఫెయిర్' తీసేసింది. మగవాళ్ళ క్రీముకు 'గ్లో అండ్ హ్యాండ్సమ్' అని పేరు పెట్టింది. ఆ పేరు మాదంటే మాదని రెండు కంపెనీలు కోర్టుకెక్కాయి. నల్లని మనిషికి జరిగిన అవమానం గురించి కాదు ఆ తగాదా, అవమానం మానేశామని చెప్పుకునే పేరు ఎవరిదన్నది!

వీటన్నిటికంటే ఎక్కువ చదవాల్సింది ఢిల్లీ వినియోగదారుల ఫోరం కేసు. ఒకాయన 2013లో 79 రూపాయలు పెట్టి ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్ కొన్నాడు. చెప్పినట్టే రాసుకున్నా తెల్లబడలేదని ఫిర్యాదు చేశాడు. కేసు పై ఫోరానికి పోయి, తిరిగి వచ్చి, 2024 డిసెంబరులో తేలింది. ప్రకటన తప్పుదారి పట్టించేదని ఫోరం కంపెనీకి 14.5 లక్షల రూపాయలు జరిమానా వేసింది. అందులో 14 లక్షలు వినియోగదారుల సంక్షేమ నిధికి. విచారణలో కంపెనీ ఏమంది? క్రీము ఒక్కటే చాలదు, మంచి తిండి, వ్యాయామం, శుభ్రత, ఆరోగ్యకరమైన అలవాట్లు కూడా ఉండాలంది. పదహారు నుంచి ముప్పై అయిదేళ్ళ ఆరోగ్యవంతులైన మగవాళ్ళ కోసమంది. ఈ షరతులు పెట్టె మీద లేవని ఫోరం ఎత్తిచూపింది. కంపెనీ మాటనే మన హాస్టల్ పిల్లవాడికి పెట్టి చూడండి. మంచి తిండి లేనివాడికి ఈ క్రీము పనిచేయదు, మంచి తిండి ఉన్నవాడికి ఈ క్రీముతో పనిలేదు. ఇరవై ఏళ్ళ ప్రచారం సారం ఇంతే.

2025 జనవరిలో ఇమామీ పేరు మార్చింది. ఇప్పుడది 'స్మార్ట్ అండ్ హ్యాండ్సమ్'. ప్రచారకర్త కార్తిక్ ఆర్యన్. చాలామంది దీన్ని గెలుపన్నారు. నేను సగమే ఒప్పుకుంటాను. ఇంగ్లీషులో 'స్మార్ట్' అంటే తెలివి కావచ్చు, తీరైన వేషం కావచ్చు. తెలుగులో మనం ఆ మాటను ఎట్లా వాడుతున్నాం? "పిలగాడు స్మార్ట్‌గా ఉన్నాడు" అన్నప్పుడు వాడి మార్కుల గురించి అనడం లేదు. రంగు, ముక్కు, బట్టలు, నగరం పోకడ, అన్నీ కలిపి అంటున్నాం. తీసేసిన 'ఫెయిర్' మన వాడుకలోని 'స్మార్ట్'లో అప్పటికే కూర్చుని ఉంది. 'ఫెయిర్'కు న్యాయమన్న అర్థం కూడా ఉంది. కంపెనీ రెండు అర్థాలనూ ఒకేసారి వదులుకుంది.

ఈ క్రీములకు పక్కనే ఇంకో సరుకు ఉంది, 'ఆదివాసీ హెయిర్ ఆయిల్'. కర్ణాటకలో హుణసూరు వైపు ఉండే హక్కి పిక్కి తెగవాళ్ళు అమ్మే ఈ నూనెకు ఈ మధ్య ఫోన్లలో విపరీతమైన ప్రచారం వచ్చింది. అడవి, 108 మూలికలు, మోకాళ్ళ దాకా జుట్టు, ఇవీ ఆ వీడియోల్లో కనిపించేవి. బట్టతల మీద వెంట్రుకలు వస్తాయన్న మాట కూడా. సొంత తెగవాళ్ళు సొంతంగా వ్యాపారం చేసుకుంటే నాకు సంతోషమే. కానీ రుజువు లేని వాగ్దానం ఎవరిదైనా రుజువు లేనిదే, మనవాళ్ళదైనా సరే. ఇక్కడ గమనించాల్సింది కొనేవాడి మనసు. నగరానికి ఆదివాసీ జుట్టు కావాలి, ఆదివాసీ రంగు వద్దు. జుట్టును సీసాలో కొనుక్కుంటాడు, రంగును క్రీముతో తుడిచేసుకుంటాడు. ఆ జుట్టూ ఆ రంగూ ఒకే మనిషివని గుర్తుపెట్టుకోడు.

హైదరాబాద్ ఎప్పుడూ ఇట్లాగే చూడలేదు. 1920లో ఇక్కడే పుట్టిన జిందా తిలిస్మాత్ సీసా మీద నల్లని హబ్షీ మనిషి బొమ్మ ఉంటుంది. నిజాం కొలువులో ఉన్న ఆఫ్రికా సైనికుల దేహబలం ఆ మందుకు గుర్తయింది. ఉస్మాన్‌గంజ్ పక్కనే ఉన్న సిద్దిఅంబర్ బజార్ పేరులోనూ సిద్దీ ఉన్నాడు, ఏసీ గార్డ్స్ పేరులోనూ ఆఫ్రికన్ ఉన్నాడు. దాన్ని మరీ పొగడక్కర్లేదు. నల్లని దేహాన్ని బలానికి మాత్రమే గుర్తుగా వాడుకోవడం కూడా వాడుకోవడమే. అయినా ఆ సీసా నల్లని మనిషిని చూపి నమ్మమంది, ఈ ట్యూబు నల్లని మనిషిని చూపి భయపడమంది. ఒకే నగరంలో ఒకే దుకాణం అరలో రెండూ దొరుకుతాయి.

మగవాడి అలంకారం మనకు కంపెనీలు నేర్పింది కాదు. దీపావళి రోజుల్లో ఆదిలాబాద్ గోండు గూడేల్లో దండారి వేళ గుస్సాడీ వేషం కట్టేవాడు నెమలి ఈకల కిరీటం పెడతాడు, ఒంటికి బూడిద పూస్తాడు, నల్లని చుక్కలు దిద్దుకుంటాడు. ఆ పూత ఎవరిలాగో కనబడడానికి కాదు. ఆ వేషం కట్టినవాడిలోకి దేవుడు వస్తాడని ఊరు నమ్ముతుంది, కాళ్ళు మొక్కుతుంది. మార్లవాయి గుస్సాడీ గురువు కనక రాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఆటను దేశం చప్పట్లు కొట్టి చూసింది. ఆట ఆడే దేహాన్ని మాత్రం ఆట అయ్యాక క్రీము పూసుకోమంటోంది.

ఇది అందం తగాదా మాత్రమే కాదు. సంతల్లో, మందుల దుకాణాల్లో తెల్లబరిచే పేరుతో స్టెరాయిడ్ కలిసిన పూతమందులు కూడా దొరుకుతాయి. వాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన పెట్టింది. వాటితో చర్మం పలచబడుతుంది, మొటిమలు, ఎర్రమచ్చలు వస్తాయి, మానేస్తే ఇంకా మండుతుంది. ఎండలో పనిచేసే మన ఒంటికి మెలనిన్ గొడుగు. ఆ గొడుగును డబ్బిచ్చి చింపుకోవద్దని ఆశ్రమ పాఠశాలల్లో పంతుళ్ళు ఒక్క పూట పాఠం చెప్పినా చాలు.

చివరిగా మన రాతల సంగతి. కంపెనీని తిట్టడం తేలిక. మన కథల్లో, మన పాటల్లో "నల్లగా ఉన్నా కళగా ఉంటాడు" అన్న వాక్యం ఎన్నిసార్లు వచ్చిందో చూసుకుందాం. ఆ 'ఉన్నా' అన్న చిన్న దీర్ఘంలోనే ఆ ట్యూబు ప్రకటన మొత్తం దాగి ఉంది. కంపెనీ పేరు మార్చడానికి ఇరవై ఏళ్ళు, ఒక ఉద్యమం, ఒక కోర్టు కేసు కావాల్సి వచ్చింది. మన దీర్ఘం తీయడానికి ఏ కోర్టూ అక్కర్లేదు. "నల్లగా ఉంటాడు, కళగా ఉంటాడు" అని రాస్తే సరిపోతుంది.