నల్లని ముఖం, నీడ పడిన ముఖం: చిత్రంలో ఛాయల పాత్ర

రేఖను గురించి మీరు ఇదివరకే చదివారు. బాపు బొమ్మను ముందు పెట్టుకుంటే రేఖ ఒక్కటే ఎంత పని చేయగలదో తెలుస్తుంది. ముఖం మీద నీడ దాదాపు ఉండదు, జడ మాత్రం గట్టి నలుపు. అంతే చాలు, మనిషి నిలబడుతుంది. అందువల్లనే కావచ్చు, మనలో చాలామందికి బొమ్మ అంటే గీత. షేడింగ్ అంటే గీత పూర్తయ్యాక పెట్టే మెరుగు. ఈ అభిప్రాయం ఎక్కడ దెబ్బతీస్తుందో ఈ భాగంలో పరిశీలిద్దాం.

ఒక రంగు ఎంత లేతగా లేదా ముదురుగా ఉందో తెలిపేది ఛాయ. దీన్నే చిత్రకళా తరగతుల్లో వాల్యూ అనీ, టోన్ అనీ అంటారు. అది ఎరుపా, ఆకుపచ్చా అన్నది వేరే ప్రశ్న. అమెరికన్ చిత్రకారుడు ఆల్బర్ట్ మున్సెల్ 1905లో ప్రచురించిన పుస్తకంలో ఈ రెండు ప్రశ్నలనూ విడదీశారు. ఆయన పద్ధతిలో ఛాయకు 0 నుంచి 10 వరకు మెట్లు ఉంటాయి: 0 నలుపు, 10 తెలుపు. అమీర్‌పేటలోని సారథి స్టూడియోలో నలుపు తెలుపు సినిమాలు తీసినవారికి ఈ తేడా రోజువారీ పనిలో భాగం. కంటికి ఎంతో వేరుగా కనిపించే ఎర్ర చీర, ఆకుపచ్చ గోడ ఫిల్ము మీద ఒకే బూడిద రంగుగా దిగితే కథానాయిక గోడలో కలిసిపోతుంది.

ఆ అమీర్‌పేట నుంచే పంజాగుట్ట వైపు మెట్రో లైను కింద నడిచి చూడండి. మధ్యాహ్నం వేళ పిల్లర్ల మధ్య నీడలో తెల్ల చొక్కా తొడుక్కున్న మనిషి నిలబడి ఉన్నాడనుకోండి. పక్కనే ఎండలో తారు రోడ్డు. రెండింటిలో ఏది లేత? చొక్కా అని వెంటనే అంటారు. ఒక కాగితానికి చిన్న రంధ్రం చేసి, ఒక కన్ను మూసి, రంధ్రంలోంచి ముందు చొక్కాను, తర్వాత రోడ్డును చూడండి. రెండూ మీరు అనుకున్నదానికంటే చాలా దగ్గర ఛాయల్లో ఉంటాయి. ఒక్కోసారి రోడ్డే లేతగా ఉంటుంది. (ఫుట్‌పాత్ మీద నిలబడి చేయండి. అక్కడి బస్సులు చిత్రకళ కోసం ఆగవు.) చొక్కా తెల్లనిదని మనకు తెలుసు కాబట్టి తెల్లగా చూశాం. అంటే మన కంటికి చేరే ఛాయలో రెండు పాళ్ళున్నాయి: వస్తువు సొంత ఛాయ ఒకటి, దాని మీద పడిన వెలుగు ఒకటి.

ముఖం దగ్గరికి వచ్చేసరికి ఇది చేతి నైపుణ్యంతో తీరే విషయం కాదు. పంజాగుట్టలో నగల దుకాణాల హోర్డింగులు గమనించండి. ఆ ముఖాల్లో మధ్య ఛాయలు దాదాపు కనిపించవు. నుదురు, బుగ్గ, గడ్డం అన్నింటినీ పై మెట్లలోకి జరిపేసి, ముక్కు ఉందని తెలియడానికి కింద సన్నని నీడ వదులుతారు. హోర్డింగు కింద నడిచి వెళ్ళేవారిలో అలాంటి ముఖం ఒక్కటీ ఉండదు. ఈ బొమ్మల మధ్య పెరిగినవారు తమ ఇంట్లోని నల్లని మనిషిని గీయబోతే రెండు పనుల్లో ఒకటి చేస్తుంటారు. ముఖం స్థానంలో కాగితాన్ని తెల్లగా వదిలేస్తారు; లేదా 6బీ పెన్సిల్‌తో ముఖమంతా ఒకే తీరుగా రుద్దేస్తారు. రెండోది నిజాయితీగా అనిపిస్తుంది గాని, అది చర్మపు రంగును నీడగా పొరబడటం. నల్లని చర్మం మీద నుదుటి మెరుపు, ముక్కు దూలం మీది మెరుపు చర్మపు సొంత ఛాయకు ఎంతో దూరంగా ఉంటాయి. తెల్లని ముఖం కంటే అక్కడ వెలుగు ఎక్కువ చెబుతుంది. రుద్దేసినప్పుడు పోయేది అదే.

తెలంగాణ పల్లెల నుంచి వచ్చి, హైదరాబాదులోనూ తర్వాత బరోడాలోనూ చదువుకున్న ఇద్దరు చిత్రకారులు దీనికి రెండు రకాల జవాబులు ఇచ్చారు. తోట వైకుంఠం (జననం 1942) చిత్రాల్లో స్త్రీ చర్మం ముదురు గోధుమ. వెలుగు ఏ పక్క నుంచి వస్తోందన్న ప్రశ్నకు అక్కడ పెద్దగా చోటు లేదు. నలుపు అక్కడ నీడ కాదు, ఆమె రంగు. తలెత్తుకుని ఉన్న రంగు. ఆయన చిత్రం ఒకదాన్ని ఫోన్‌లో నలుపు తెలుపుకు మార్చి చూడండి. అంత పెద్ద ఎర్ర బొట్టు చర్మానికి ఎంత దగ్గరగా జరుగుతుందో గమనించండి. దాన్ని విడదీసి చూపింది ఛాయ కాదు, రంగు. నా దృష్టిలో ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది: ఎన్ని చిత్రాలు చూసినా అదే స్త్రీని మళ్ళీ చూస్తున్నట్టుంటుంది.

కె. లక్ష్మా గౌడ్ (జననం 1940) ఎచింగులు మరో దారి. ఆయన వాడిన ఆక్వాటింట్ పద్ధతి తెలిస్తే ఇది అర్థమవుతుంది. లోహపు రేకు మీద రెసిన్ పొడి చల్లి, వేడి చేసి, పొడి అంటుకున్నాక రేకును యాసిడ్‌లో ముంచుతారు. పొడి రేణువుల మధ్య ఖాళీల్లో యాసిడ్ తింటుంది. ఎంతసేపు ఉంచితే అంత నలుపు. తెల్లగా ఉండవలసిన చోటును ముందే వార్నిష్‌తో కప్పాలి. తర్వాత లేత బూడిద, ఆ తర్వాత ముదురు. అంటే ఈ పనిలో షేడింగ్ చివరి మెరుగు కానేకాదు, తెలుపు ఎక్కడో మొదటే తేల్చుకోవాలి. ఆయన మేకలు, తలపాగా మగవాళ్ళు, స్త్రీలు, చెట్లు సన్నని గీతలతోనూ మసక బూడిదలతోనూ అల్లుకుని ఉంటాయి. చర్మం, మేక వెంట్రుక, రాయి ఒకే జాతి ఛాయల్లోంచి పుట్టినా ఒకదానితో ఒకటి కలిసిపోవు. హోర్డింగు పారేసిన మధ్య ఛాయల్లోనే ఈయన మనుషులు బతుకుతారు. అందుకే ఈ రెండింటిలో నాకు ఇదే లోతైన జవాబు.

అభ్యాసానికి మీ ఇంట్లో ఒకరిని కిటికీ పక్కన కూర్చోబెట్టండి. ఐదు ఛాయలు మాత్రమే వాడండి. ముఖంలో అన్నిటికంటే లేత చోటును ముందు గుర్తించి, కాగితాన్ని అక్కడ ముట్టుకోకుండా వదలండి. చర్మపు సొంత ఛాయకు మూడోదాన్నో నాలుగోదాన్నో కేటాయించి, ఐదోదాన్ని నిజమైన నీడకు దాచుకోండి. ఫోటో చూసి గీయవద్దు. చాలా ఫోన్ కెమెరాలు ముఖాన్ని తమంతట తామే లేతగా చేసి చూపిస్తాయి.