మలుపులో తోసేదెవరు?

ఈ వారం పలాసలో ఇంటర్ మొదటి సంవత్సరం కుర్రాడి గైడు తిరగేస్తుంటే ఒళ్లు మండింది. తాడు కట్టి తిప్పే రాయి మీద అభికేంద్ర బలం చర్య అట, అపకేంద్ర బలం ప్రతిచర్య అట, రెండూ ఆ రాయి మీదే పనిచేస్తాయట! చర్య, ప్రతిచర్య ఏనాడైనా ఒకే వస్తువు మీద ఉంటాయా? రెండూ సమానంగా రాయి మీదే ఉంటే అది తిన్నగా పోవాలి, గుండ్రంగా ఎందుకు తిరుగుతుంది? బలాల బొమ్మ గీయనిదే సూత్రం రాయకూడదన్న నా పాత పాట ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. బొమ్మ గీసి ఉంటే ఆ జవాబు అచ్చయ్యేదే కాదు.

‘‘మరి బస్సు మలుపు తిరిగితే మనల్ని తోసేదేటి మాస్టారూ?’’ అన్నాడు కుర్రాడు. ఎవరూ తొయ్యరు. ఒళ్లు తిన్నగా పోబోతుంది, బస్సు పక్కకు తిరుగుతుంది. రోడ్డు మీద నిలబడి చూసేవాడికి అక్కడ అపకేంద్ర బలమే లేదు. అందుకే మొదటి సంవత్సరంలో ఆ మాటే ఎత్తకపోతే పీడా పోతుందనే లెక్చరర్లున్నారు. అదీ సబబే అనుకుంటుండగా తిత్లీ గుర్తొచ్చింది.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున ఆ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు వరసలకు వరసలు నేలకూలాయి. కొబ్బరిచెట్టు కాపుకు రావడానికి ఎన్నేళ్లు పడుతుందో తెలిసినవాళ్లకు ఆ నష్టం వేరే చెప్పక్కర్లేదు. ఆ గాలి ఎలా నడిచిందో పిల్లలకు చెప్పొద్దా? మధ్యలోని అల్పపీడనం గాలిని లోపలికి లాగుతుంది. భూభ్రమణం వల్ల అది తిన్నగా లోపలికి పోలేక, మన అర్ధగోళంలో అపసవ్యంగా సుడి తిరుగుతుంది. కేంద్రానికి దగ్గరయ్యేకొద్దీ వేగం పెరుగుతుంది, వ్యాసార్ధం తగ్గుతుంది. ఇక ఆ గాలితోపాటే తిరుగుతూ లెక్క వేస్తే, బయటికి తోసే అపకేంద్ర బలం లోపలికి లాగే పీడన బలానికి సరితూగే చోటు వస్తుంది. గాలి అంతకు మించి లోపలికి రాలేక పైకి లేస్తుంది. లోపల మిగిలేదే తుఫాను కన్ను. వాతావరణ శాస్త్రజ్ఞులు లెక్కలు వేసేది తిరిగే భూమి మీద నిలబడే. వాళ్లకు ఈ బలం లేకుండా పూట గడవదు.

అసలు హైగెన్స్ 1659లో ఈ బలాన్ని లెక్కగట్టింది కూడా, తిరిగే చక్రం మీద దారం పట్టుకుని నిలబడ్డ మనిషిని ఊహించుకునే. న్యూటన్ ప్రిన్సిపియా 1687లో గానీ రాలేదు.

కాబట్టి లెక్చరర్లకు నా మనవి: అపకేంద్ర బలాన్ని పాఠంలోంచి తీసెయ్యకండి. దాని కంటే ముందు నిర్దేశ చట్రం చెప్పండి. చూసేవాడు రోడ్డు మీద ఉన్నాడా, బస్సులో ఉన్నాడా అన్నది రాయని జవాబుకు మార్కులు వెయ్యకండి.